పెళ్లయ్యాక అందే పెళ్లి ఖర్చు

ఉమ్మడి ఖమ్మం జిల్లా శాసనసభ్యులకు, కల్యాణలక్ష్మి దరఖాస్తులు పరిశీలించి మంజూరు చేసే రెవెన్యూ అధికారులకు, గిరిజన సంక్షేమ శాఖ అధికారులకు,



"ఉన్నంతలో పెళ్లి చేసుకోండి, అప్పులు చేసి ఆడంబరాలకు పోకండి" అని మీలో ఒకరు ఈమధ్య చెక్కుల పంపిణీ సభలో హితవు చెప్పారు. వారి పేరు రాయను. ఆ మాట ఒక్కరిదే అయితే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. ఏ మండలంలో సభ జరిగినా, వేదిక మీద ఎవరు కూర్చున్నా ఆ మాట వినబడుతూనే ఉంది. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఎవరికి చెబుతున్నారో ఒకసారి కిందికి చూడండి. ఆ కుర్చీల్లో పారాణి ఆరని పెళ్లికూతుళ్లు లేరు. ఒకమ్మాయి ఒళ్లో పాలుతాగే బిడ్డ ఉంది. చెక్కు తల్లి పేరున వస్తుంది కాబట్టి పక్కన వాళ్లమ్మ కూర్చుంది. పొద్దున్నే గూడెం నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, సభ మొదలయ్యేదాకా మండల కేంద్రంలో ఎదురుచూసి, ఆకలితో ఉన్న మనిషి. ఆమె కూతురి పెళ్లి ఏనాడో అయింది. అప్పు కూడా ఏనాడో చేసింది. పెళ్లికి ముందు చేతికి రావలసిన డబ్బును ఇన్నాళ్లు మీ దగ్గర పెట్టుకుని, ఇప్పుడు అదే డబ్బు ఇస్తూ ఆమెకు పొదుపు గురించి చెప్పడం ఏ న్యాయం?

నేను ఏజెన్సీలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చదువు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లల పెళ్లిళ్లకు చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల వైపు గూడేలకు వెళుతుంటాను. దరఖాస్తు నింపమని వాళ్ల తల్లులు నా దగ్గరికి వస్తారు. ఆ కాగితాల మీద ఉండే తేదీలు చదివే రాస్తున్నాను. పెళ్లి తేదీ ఒకటి, దరఖాస్తు తేదీ ఒకటి, చెక్కు తేదీ ఒకటి. ఈ మూడింటి మధ్య ఉన్న దూరం ఎంతో మీకు తెలియదా?

ముందుగా ఒక మాట. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే ఈ కల్యాణలక్ష్మి పథకం నాకు ఇష్టం. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదట దళిత, గిరిజన కుటుంబాలకు మొదలైంది. 2017లో 75,116 చేశారు. 2018లో 1,00,116 చేశారు. పద్దెనిమిదేళ్లు నిండితేనే ఇస్తామన్న ఒక్క షరతు మా పిల్లలకు చేసిన మేలు నేను కళ్లారా చూశాను. "ఇంకా కొన్నేళ్లు ఆగుదాం లేమ్మా, వయసు నిండకపోతే డబ్బు రాదట" అని తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి నాతో అన్నాడు. మరుసటి ఏడాది ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. బాల్యవివాహ నిషేధ చట్టం 2006 నుంచీ ఉన్నా ఆ తండ్రిని ఆపలేకపోయింది, ఈ పథకం ఆపింది. అందుకే ఇది నీరుగారిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మా వైపు ఒక పేద పెళ్లి లెక్క ఎలా ఉంటుందో మీ ముందు పెడతాను. ఊరి పేరు, ఇంటి పేరు అక్కర్లేదు. గోదావరి అవతలి ఒడ్డున ఒక కోయ గూడెం. పోడు భూమి రెండెకరాలు, అందులో పత్తి. తల్లీ తండ్రీ ఇద్దరూ మాఘ ఫాల్గుణాల్లో ఖమ్మం వైపు మిరపకోతకు వెళతారు. చైత్రంలో ఇప్పపువ్వు ఏరుతారు. ఆ తరవాత తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారకముందే అడవికి వెళ్లి, ఎండెక్కేలోపు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పాలి. ఇదీ వాళ్ల రాబడి. పత్తి డబ్బు సంక్రాంతికే ఎరువుల కొట్టుకు పోయింది. వైశాఖంలో పిల్ల పెళ్లి.

ఖర్చు అంటారా? పుస్తెలకు, మట్టెలకు ఇరవై వేలు. పుస్తెలంటే గొలుసు కాదు, పసుపుతాడుకు కట్టే రెండు బిళ్లలే. పిల్లకు, పిల్లవాడికి, అటు ఇటు పెద్దవాళ్లకు బట్టలు ఇరవై వేలు. బీరువా, మంచం, వంటసామాను పాతికవేలు. షామియానా, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకు తెస్తే పన్నెండు వేలు. రెండు మేకలు, నాలుగు కోళ్లు పాతికవేలు. పప్పు, నూనె, మసాలా దినుసులు పదిహేను వేలు. బియ్యానికి పెద్దగా ఖర్చు కాలేదు, గూడెంలో ఇంటింటి నుంచీ తెచ్చి పోశారు. పిల్లను అబ్బాయి ఊరికి తీసుకెళ్లడానికి ట్రాలీ ఆటోకు అయిదు వేలు. ఫొటోలకు ఎనిమిది వేలు. ఫొటోలెందుకని అడగకండి. దరఖాస్తుకు పెళ్లి ఫొటో జతచేయమన్నది మీరే. మొత్తం లక్షా ముప్పై వేలు.

ఇందులో ఆడంబరం ఏది? దయచేసి వేలు పెట్టి చూపించండి. మేకలు తీసేద్దామా? మంచం తీసేద్దామా? బంధువుల్ని పిలవొద్దని చెబుదామా? మీ ఇళ్లలో పెళ్లిళ్లకు ఖమ్మంలో ఫంక్షన్ హాళ్లు సరిపోక మైదానాలు చదును చేయించడం ఈ జిల్లా చూసింది. దానికి మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మీ ఆనందం మీది. అయితే లక్షా ముప్పై వేలతో పెళ్లి గట్టెక్కించిన ఇంటికి పొదుపు పాఠం చెప్పే హక్కు మాత్రం మీకు లేదు. ఆ లెక్క వేసిన తల్లికి బడి చదువు లేదు. కానీ ఏ వస్తువు ఎక్కడ కొంటే పది రూపాయలు తగ్గుతుందో, ఏ బంధువు ఏం తెస్తాడో, ఏది పెళ్లి తరవాతకు వాయిదా వేయొచ్చో ఆమెకు నోటికొచ్చు.

ఆమె ఎంత కూడబెట్టినా చేతిలో యాభై వేలు ఉన్నాయి. మిగతా ఎనభై వేలు అప్పు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు రెండు వేల నాలుగు వందలు. చెక్కు పది నెలలకు వచ్చింది. అప్పటికి వడ్డీ ఇరవై నాలుగు వేలు. మీరిచ్చిన లక్షా నూటపదహార్లలో దాదాపు నాలుగోవంతు పెళ్లికూతురిదీ కాదు, తల్లిదీ కాదు, అప్పిచ్చినవాడిది. వాడు అప్పిచ్చే ముందు ఏం అడిగాడో తెలుసా? "కల్యాణలక్ష్మికి పెడతారు కదా?" అని అడిగాడు. మీసేవ రసీదు తన దగ్గర పెట్టుకున్నాడు. ప్రభుత్వం ఇస్తానన్న డబ్బే వాడికి తాకట్టు. మీ ఆలస్యం ఎంత పెరిగితే వాడి రాబడి అంత పెరుగుతుంది. ప్రజల పన్నుతో నడిచే పథకం వడ్డీ వ్యాపారికి జీతంలా మారుతుంటే మీకు పట్టదా?

షెడ్యూల్డు ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లోనే ప్రత్యేక నిబంధన వచ్చింది. గిరిజనుల్ని షావుకార్ల నుంచి కాపాడటానికి తెచ్చిన నిబంధన అది. దాన్ని అమలుచేయవలసింది రెవెన్యూ శాఖే. కల్యాణలక్ష్మి దరఖాస్తును విచారించేదీ రెవెన్యూ శాఖే. ఒక చేత్తో చెక్కు ఆపి, రెండో చేత్తో చట్టాన్ని పక్కన పెడితే ఆ తల్లి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

దరఖాస్తు నడిచే దారి మీకు తెలియనిది కాదు. మీసేవలో ఆన్‌లైన్ చేయించాలి. ఆదాయం, కులం, నివాసం, వయసు పత్రాలు, ఇద్దరి ఆధార్ కార్డులు, తల్లి బ్యాంకు పుస్తకం. ఆ తరవాత క్షేత్ర విచారణ, తహసీల్దార్ సంతకం, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీవో మంజూరు, ఖజానా బిల్లు, చెక్కు. అక్కడితో అయిపోయిందా? చెక్కు తయారయ్యాక మీరు రావడానికి తీరిక దొరకాలి. మంత్రిగారు వస్తామంటే వారి పర్యటన ఖరారయ్యేదాకా చెక్కులు కార్యాలయంలోనే ఉంటాయి. చెక్కు చెల్లుబాటు గడువు మూడు నెలలు. ఆ గడువులో సగం మీ సభ కోసం ఎదురుచూడటంలో పోతే, బ్యాంకుకు వెళ్లే దారిలో వాగు పొంగి మిగతా సగం పోతే, ఆ చెక్కు తిరగరాయించుకోవడానికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ తల్లే. ఎన్నికల కోడ్ వస్తే అన్నీ ఆగిపోతాయి. ఎన్నికలు రావడానికి పెళ్లికూతురు కారణమా?

ఆధార్‌లో పుట్టిన తేదీ సంగతి మరీ అన్యాయం. మా పిల్లలు చాలామంది ఇళ్లలో పుట్టినవాళ్లు. ఆధార్ తీసేటప్పుడు తేదీ చెప్పలేకపోతే జనవరి 1 అని రాసుకుపోయారు. బడి రిజిస్టర్‌లో ఇంకో తేదీ. పిల్లకు నిజంగా ఇరవై ఏళ్లు, కాగితంలో పదిహేడున్నర. అప్పుడు దరఖాస్తు వెనక్కి వస్తుంది. సరిచేయించుకోవడానికి భద్రాచలమో కొత్తగూడెమో వెళ్లాలి. ఇందులో తప్పు ఎవరిది? అడ్డంగా రాసినవాడిదా, రాయించుకున్నవాళ్లదా? పదో తరగతి పిల్లల వివరాలు పంపేటప్పుడే బడిలో ఆధార్ తేదీలు సరిచూసే ఏర్పాటు చేయమని ఎన్నిసార్లు అడిగామో. ఒక్క శిబిరం పెడితే తీరిపోయే పని అది.

చెక్కులు ఇవ్వాల్సిందేనా అని ఎవరూ ఎందుకు అడగరు? 2018 వానాకాలంలో రైతుబంధు కూడా చెక్కులతోనే మొదలైంది. ఆ యాసంగికే ఎన్నికలొచ్చాయి, చెక్కులు పంచకూడదన్నారు, డబ్బు నేరుగా రైతుల ఖాతాల్లో పడింది. ఆకాశం ఊడిపడలేదు. అప్పటి నుంచీ ఖాతాల్లోనే పడుతోంది. భూమి ఉన్నవాడికి సాధ్యమైన మర్యాద, కూతురికి పెళ్లి చేసే తల్లికి ఎందుకు సాధ్యం కాదు? రైతు ఇంట్లో కూర్చుంటే ఫోనుకు మెసేజ్ వస్తుంది. తల్లి మాత్రం వేదికెక్కి, దండం పెట్టి, ఫొటో దిగి తీసుకోవాలి. మీ చేతుల మీదుగా ఇవ్వాలన్న కోరిక తప్ప దీనికి ఇంకో కారణం నాకు కనబడలేదు. ఉంటే చెప్పండి, వింటాను.

పెళ్లికి ముందే ఇస్తే, తీరా పెళ్లి జరగకపోతే ఎలా అంటారు. దొంగ దరఖాస్తులు వస్తాయంటారు. దొంగ దరఖాస్తులు పెళ్లయ్యాక ఇచ్చే ఇప్పటి పద్ధతిలోనూ వచ్చాయి, కేసులూ అయ్యాయి. ఫొటో అడిగినంత మాత్రాన మోసం ఆగలేదు. ఆపాలంటే మార్గముంది. 2017లో కేసీఆర్ కిట్ పథకం తెచ్చినప్పుడు గర్భిణికి డబ్బు విడతలుగా ఇచ్చారు. మొదటి విడత కాన్పుకు ముందే, ఆస్పత్రిలో పరీక్షలు చేయించుకుంటే చాలు, ఇచ్చారు. మొత్తం డబ్బు బిడ్డ పుట్టాకే ఇస్తామని అనలేదు. అదే పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదు? లగ్నపత్రిక రాసుకున్న రోజున దరఖాస్తు తీసుకోండి. వయసు, కులం, ఆదాయం పత్రాలు అప్పుడే చూడండి. నిజానికి వయసు చూడాల్సింది అప్పుడే. పెళ్లయిపోయాక పిల్లకు పదిహేడేళ్లని తేలితే మీరు డబ్బు ఆపగలరు గానీ పెళ్లిని ఆపలేరు. ముందే చూస్తే రెండూ ఆగుతాయి. అన్నీ సరిగా ఉంటే సగం డబ్బు పెళ్లికి పదిహేను రోజుల ముందు ఖాతాలో వేయండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర పెళ్లి నమోదు చేయించుకున్నాక మిగతా సగం వేయండి. నమోదు తప్పనిసరి అని చట్టం 2002 నుంచే చెబుతోంది కదా. ఆ చట్టానికీ ప్రాణం వస్తుంది.

ఆ యాభై వేలు ముందే చేతికందితే ఆ కోయ ఇంట్లో అప్పు ఎనభై వేలు కాదు, ముప్పై వేలు. ముప్పై వేలు గూడెంలో చేబదులుగానే పుడుతుంది, మహిళా సంఘంలో తక్కువ వడ్డీకి పుడుతుంది. షావుకారి గడప తొక్కే పనే ఉండదు. ప్రభుత్వానికి పైసా అదనపు ఖర్చు లేదు. మార్చవలసింది తేదీ ఒక్కటే.

ఇక డబ్బు విలువ. 2018లో లక్ష నిర్ణయించిన రోజుల్లో తులం బంగారం ముప్పై ఒక్క వేల చుట్టూ ఉండేది. ఆ లక్షకు మూడు తులాలు వచ్చేవి. 2025 ఏప్రిల్‌లో తులం లక్ష దాటింది. ఇప్పుడు ఆ లక్షకు తులం కూడా రాదు. పథకం అంకె మారలేదు. 2023 ఎన్నికల ముందు లక్షతో పాటు తులం బంగారం ఇస్తామని కాంగ్రెస్ పార్టీ మాట ఇచ్చింది. మా గూడేల్లో ఆడవాళ్లు ఆ మాట నమ్మారు, ఓటేశారు. ఆ తులం ఏ ఇంటికీ చేరలేదు. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పండి, అది ఒక రకం నిజాయితీ. "వస్తుంది, వస్తుంది" అంటుంటే ఆ తులాన్ని పెళ్లి మాటల్లో లెక్కవేసేవాళ్లు బయల్దేరారు. "ప్రభుత్వం తులం ఇస్తుందట కదా, అది మావాడికి పెట్టండి" అని పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి అడగడం నేను విన్నాను. 1961 నుంచి వరకట్నం నేరమని చట్టం ఉన్న దేశంలో, ప్రభుత్వం ఇవ్వని బంగారం మీద కట్నం మాట్లాడుకుంటున్నారు.

ఈ కట్నం మా అడవి వైపుకు కొత్తగా వచ్చిందని మీకు గుర్తుచేయాలి. మీలో చాలామందికి ఇది మీ ఇంటి సంగతే. ఉమ్మడి జిల్లాలో పది అసెంబ్లీ స్థానాల్లో అయిదు, అంటే వైరా, అశ్వారావుపేట, భద్రాచలం, పినపాక, ఇల్లెందు ఎస్టీలకు కేటాయించినవి. కోయవాళ్లలో పిల్లకు ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చి తీసుకెళ్లడం ఆచారం. విందు అబ్బాయి ఊళ్లో, అబ్బాయి వాళ్ల ఖర్చు. దుమ్ముగూడెంలో ఉండిన రెవరెండ్ కెయిన్ అనే మిషనరీ నూటయాభై ఏళ్ల కిందట కోయల పెళ్లి గురించి రాసిపెట్టాడు. పెళ్లికూతురు తల వంచితే పెళ్లికొడుకు ఆమె మీదికి వంగుతాడు, చుట్టూ ఉన్నవాళ్లు అతని తలమీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు అతని తలమీది నుంచి ఆమె తలమీదికి జారితే పెళ్లి అయిపోయినట్టు. తరవాత 1909లో థర్‌స్టన్ అనే పరిశోధకుడు దక్షిణ భారత కులాలు, తెగల మీద తన పుస్తకంలో దాన్ని చేర్చాడు. ఒక బిందె నీళ్లతో పెళ్లి చేసుకున్న జాతి ఇది. వీళ్లకా మీరు నిరాడంబరంగా ఉండమని చెబుతున్నది?

బీరువా, డీజే, ఫ్లెక్సీ ఇవన్నీ రోడ్డు వెంట మైదానం నుంచి వచ్చాయి. పథకం కూడా మైదానపు పెళ్లిని చూసే రాశారు. ఖర్చంతా ఆడపిల్ల ఇంటిదేనన్న ఊహ మీద అది నిలబడింది. ఆ ఊహ మా గూడేలకు చట్టబద్ధంగా వచ్చి చేరింది. ఇప్పుడు ఓలి అడగడానికి తల్లిదండ్రులు సిగ్గుపడుతున్నారు, కట్నం అడగడానికి ఎవరికీ సిగ్గులేదు. గిరిజన సంక్షేమ శాఖ పెద్దలారా, మీ శాఖ డబ్బుతో ఈ మార్పు జరుగుతోంది. భద్రాచలం ఐటీడీఏ పాలకమండలి సమావేశంలో దీని గురించి మాట్లాడండి. రోడ్లు, హాస్టళ్లు, బోర్లతో పాటు పెళ్లి కూడా ఈ ప్రాంతపు సమస్యే.

ఇంకా లోపలికి పోతే అసలు దరఖాస్తే పెట్టలేని ఇళ్లున్నాయి. 2005 తరవాత సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయలు ఇరవై ఏళ్లుగా మన అడవుల్లోనే ఉన్నారు. వాళ్లు అక్కడ షెడ్యూల్డు తెగ. ఇక్కడి జాబితాలో లేరు కాబట్టి వాళ్ల పిల్లలకు ఇక్కడ ఎస్టీ పత్రం రాదు, దాంతో ఆ కోటాలో కల్యాణలక్ష్మి లేదు. ఇక్కడే పుట్టి, మన అంగన్‌వాడీలో తిని, మన మిరపతోటల్లో కూలి చేసి పెరిగిన పిల్ల, పెళ్లి నాటికి ఏ రాష్ట్రానికీ చెందనిది అవుతుంది. ఇది మీ చేతిలో లేని పని అని చెప్పి తప్పించుకోకండి. జాబితా మార్చడం పార్లమెంటు పనే, కానీ ముఖ్యమంత్రి ముందు ఆ ప్రశ్న పెట్టడం మీ పని. కనీసం ఆ పిల్లల వివరాలు సేకరించి ఉంచడం మీ పని.

సరిహద్దు కథ ఇంకొకటి. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు, దాన్ని ఆనుకున్న ఎటపాక అటు. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, మధ్యలో రాష్ట్రం హద్దు. కూనవరం పిల్ల దుమ్ముగూడెం కోడలైతే ఇక్కడి పథకం వర్తించదు. అక్కడ 2022 అక్టోబరులో తెచ్చిన కల్యాణమస్తులో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. చదువుకు ప్రోత్సాహమే కావచ్చు. కానీ వరదొస్తే బడి మునిగే శబరి ఒడ్డున పదో తరగతి తప్పిన పిల్లకు సాయం చేయకపోవడం ఏ ప్రోత్సాహం? రెండు రాష్ట్రాల ఐటీడీఏలు ఒకసారి కూర్చుని ఈ పెళ్లిళ్ల సంగతి తేల్చలేవా?

మా ప్రాంతంలోనే ఏటా జరిగే ఒక పెళ్లి గురించి కూడా చెప్పాలి.

చైత్రశుద్ధ నవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం. తానీషా కాలం నుంచీ వస్తున్న ఆచారమని చెప్పుకుంటూ రాష్ట్ర ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. మిథిలా ప్రాంగణంలో అభిజిత్ లగ్నం సమయానికి అవి మండపంలో ఉంటాయి. 2020, 2021లో కరోనా వల్ల భక్తుల్ని రానివ్వకుండా గుడి లోపలే కల్యాణం జరిపినప్పుడు కూడా లాంఛనం తప్పలేదు. నిధులు లేవని గానీ, ఫైలు పెండింగులో ఉందని గానీ, మంత్రిగారికి వీలు కాలేదని గానీ ఏ ఏడాదీ ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. నేనూ ఆ కల్యాణం చూసి కళ్లనీళ్లు పెట్టుకునేదాన్నే. ముహూర్తం దాటాక తెచ్చిన పట్టుచీర పెళ్లిచీర కాదని మీకు బాగా తెలుసు. దేవుడి పెళ్లికి తెలిసిన సంగతి గూడెం పెళ్లికి ఎందుకు తెలియడం లేదు? ఆ దేవుణ్ని ముందు గుర్తించి, పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం చెబుతుంది. నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న పాల్వంచ తహసీల్దారుగా వచ్చి గుడి కట్టించడానికంటే ముందు సంగతి అది. ఆ దమ్మక్క వంశపు పిల్లలే ఇవాళ మీ కార్యాలయాల బయట చెట్టుకింద దరఖాస్తు రసీదు పట్టుకుని కూర్చుంటున్నారు.

మనుషుల పెళ్లికీ సాయం వేళకు అందిన ఉదాహరణ ఉంది. 2007లో టీటీడీ కూడా కల్యాణమస్తు అనే పేరుతోనే సామూహిక వివాహాలు జరిపించింది. మంగళసూత్రం, బట్టలు, భోజనం పెళ్లి రోజునే ఇచ్చింది. ఆ పద్ధతిలో నాకు నచ్చనివి ఉన్నాయి. వందల జంటలు ఒకేచోట, ఎవరి ఆచారం వారిది కాకుండా. అయినా అక్కడ ఒక్క విషయం సరిగా జరిగింది. ఇచ్చింది పెళ్లికి పనికొచ్చింది.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. శాసనసభ్యులారా, మీ సంతకం కోసం ఫైలు మీ క్యాంపు కార్యాలయంలో ఎన్నాళ్లు ఉండవచ్చో మీరే ఒక గడువు పెట్టుకోండి, అది దాటితే సంతకం అయినట్టే లెక్కించమని ప్రభుత్వానికి రాయండి. పెళ్లికి ముందే సగం ఇవ్వాలని రాబోయే శాసనసభ సమావేశాల్లో అడగండి. అధికార పక్షమా, ప్రతిపక్షమా అన్నది దీనికి అడ్డు కాదు. పథకం తెచ్చిన పార్టీ ఒకటి, నడుపుతున్న పార్టీ ఒకటి, ఆలస్యం ఇద్దరి కాలంలోనూ ఉంది. వేదికలు మానేసి డబ్బు ఖాతాల్లో వేయించండి. ఆ తల్లి ఇంటికి మీరు వెళ్లాలనుకుంటే పెళ్లి రోజున వెళ్లండి, అక్షింతలు వేయండి, ఆమె సంతోషిస్తుంది, నేనూ సంతోషిస్తాను.

రెవెన్యూ అధికారులారా, మీ దగ్గర సిబ్బంది తక్కువని నాకు తెలుసు. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయ్యాక గూడెం దాకా వచ్చి విచారించే మనిషి దొరకడం కష్టమైందనీ తెలుసు. ఆ కష్టాన్ని కాగితం మీద పెట్టి పైకి పంపండి, దాన్ని పెళ్లికూతురి తల్లి నెత్తిన వేయకండి. వచ్చే మాఘమాసంలో పెళ్లిళ్లు మొదలయ్యేలోపు ప్రతి తహసీల్దార్ కార్యాలయం గోడ మీద ఒక పట్టిక పెట్టండి. దరఖాస్తు నంబరు, అది అందిన తేదీ, ఇప్పుడు ఎవరి సంతకం దగ్గర ఉందో ఆ హోదా పేరు. పెళ్లికూతురి పేరు అక్కర్లేదు. పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవలేని తల్లులకు చదివి చెప్పడానికి నేను వస్తాను. నాలాంటి రిటైరైన పంతులమ్మలు ఈ ఏజెన్సీలో ఇంకా ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను. ఏ రోజు రమ్మంటారో చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల,
భద్రాచలం ఏజెన్సీ